సారు సీటీ ఊదేదాక

ఆ మంగళవారం పొద్దున సోమేశ్వర్ వేసుకున్న పథకం చాలా సులువైనది. పదకొండు కాకముందే పత్తి బేళ్ల లారీ తన మిల్లు గేటు దాటాలి. పన్నెండింటికి హైవే మీద రాస్తారోకో ఉంది, వంటా వార్పు ఉంది. ఆ తర్వాత జనగామ నుంచి చీమ కూడా కదలదు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న చలికాలం అది. ఏ రోజు ఏ రోడ్డు నడుస్తుందో జేఏసీ చెబితేనే తెలిసేది. తెలంగాణ రావాలని సోమేశ్వర్ కూడా గట్టిగానే కోరుకునేవాడు. కాకపోతే ఆ వచ్చేదేదో లారీ వెళ్లిపోయాక వస్తే బాగుండునని అతని అభిప్రాయం.

లారీలో ఉన్నది మామూలు సరుకు కాదు. షోలాపూర్ నూలు మిల్లు వాళ్లు మొదటిసారి ఆర్డరిచ్చారు. ఈ లోడు మాట ప్రకారం అందితే సీజనంతా తన దగ్గరే కొంటామన్నారు. కొడకండ్ల వైపు నుంచి వచ్చిన మంచి పత్తిని ఏరించి మరీ ఆడించాడు సోమేశ్వర్. ఆఖరి బేళ్లు కొన్ని ఇంకా ప్రెస్సులోనే ఉన్నాయి. అందుకే తెల్లారినప్పటి నుంచి అతనికి కూర్చుంటే కాలు ఆగడం లేదు, నిలబడితే చెయ్యి ఆగడం లేదు. లారీ చుట్టూ తిరుగుతూ, కట్టిన తాడునే మళ్లీ మళ్లీ లాగి చూస్తున్నాడు.

"బాపూ, పది గంటలకు ట్రైనింగు. యాదికున్నదా?" అంది వెనక నుంచి ప్రసూన.

ప్రసూన అతని కూతురు. హన్మకొండలో ఎంబీఏ పూర్తి చేసి వచ్చింది. మిల్లు ఆఫీసులో తనకూ ఒక బల్ల వేయమని అడిగి, ఏదైనా పనికొచ్చే పని చేసి చూపిస్తే వేస్తానని తండ్రి చేత అనిపించుకుంది. ఆ పని ఇదే. నిప్పంటుకుంటే ఏం చేయాలో పనివాళ్లకు నేర్పించడం.

"ఇయ్యాల్నేనా బిడ్డా? లారీ పోనియ్యి."

"మధుకర్ సార్ ఇయ్యాల్నే దొరికిండు. మొత్తం గంటలో అయిపోతది."

"అసలు నాకు సమజ్ గాదు. నేను పైసలు పెట్టి నేర్పిస్త. నేర్చుకున్నోళ్లను మన పక్కమిల్లు నర్సయ్య ఉత్తగ ఎత్తుకపోతడు. నా ఖర్చుతోని నర్సయ్యకు లాభమా?"

"ప్రతి సీజన్ల కొత్తోళ్లొస్తున్నరు బాపూ. పని తెల్వక ప్రెస్సు ఖరాబ్ చేస్తరు, చేతులు ఇరగ్గొట్టుకుంటరు, పోతరు. మళ్లా రాంజీ మేస్త్రి మహబూబాబాద్ తండాలన్నీ తిరిగి ఇంకో బండెడు మందిని తోల్కొస్తడు. ఈ తిరుగుడుకయ్యే ఖర్చు ఎప్పుడన్న చూసినవా?"

సోమేశ్వర్ చూడలేదు. చూసే తీరికా లేదు. "ఏదో ఒకటి కానియ్యి. జల్ది కానియ్యి" అని మళ్లీ తాడు దగ్గరికి వెళ్లిపోయాడు.

మధుకర్ భూపాలపల్లి దిక్కున అగ్నిమాపక కేంద్రాల్లో చాలాకాలం పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలినా ఖాకీ చొక్కా వదల్లేదు. అది తొడుక్కుంటేనే తన మాటకు బరువొస్తుందని ఆయన నమ్మకం. మెడలో తాడుకు నిగనిగలాడే ఈల, ఆయన మాటలో సీటీ, వేలాడుతోంది. పత్తి కుప్పల మధ్య అందర్నీ కూర్చోబెట్టి, ఇప్పుడే ఎక్కడో మంట లేచినంత కంగారుగా మొదలుపెట్టాడు.

"గంట మోగిందంటే చేతుల ఏమున్నా ఇడిచిపెట్టాలె. ఫోను ముట్టొద్దు, టిఫిన్ డబ్బ ముట్టొద్దు. ఉరికి పోయి రోడ్డవతల ఖాళీ జాగల వరుసగ కూసోవాలె. నేను పొడుగ్గ సీటీ ఊదేదాక ఒక్కలు కూడ లోపల కాలు పెట్టొద్దు. సేటొచ్చి పిలుస్తడు. పోతరా?"

"పోము!" అన్నారు అందరూ. అందరికంటే గట్టిగా అన్నది తారి. నాలుగు సీజన్లుగా పత్తి ఏరుతున్న మనిషి, తండా ఆడవాళ్లందరికీ పెద్దదిక్కు.

"సేటు బతిమాలుతడు. పోతరా?"

"పోము!"

"ఇంకెవడో సీటీ ఊదుతడు. పోతరా?"

"పోము!"

"శాబాష్. అంత అయినంక సేటే మిమ్మల్ని అడుగుతడు, మిల్లుల ఏమేం కావాల్నని. భయపడకుండ చెప్పుండ్రి."

వెనక వాకిట్లో లారీ డ్రైవరుతో వాదిస్తున్న సోమేశ్వర్‌కు ఇందులో "పోము, పోము" అనే కేకలు మాత్రమే వినిపించాయి. జనంలో హుషారు బాగానే ఉందనుకున్నాడు.

పదిన్నర దాటి, అందరూ మళ్లీ పనిలో పడ్డాక ప్రసూన సైగ చేసింది. వాచ్‌మన్ గంట కొట్టాడు. నలభై మందికి పైగా ఉన్న పనివాళ్లు ఒక్కసారిగా పని వదిలి గేటు వైపు ఉరికారు. పెద్ద మిషను ఆగింది, ప్రెస్సు ఆగింది. తారి చెప్పు ఒకటి దారిలో ఊడిపోతే దానివైపు చూడను కూడా చూడలేదు. తన సూత్రం తనకూ వర్తిస్తుందని మధుకర్ ఫోను బల్ల మీదే వదిలి, అందరికంటే వెనక, హుందాగా పరుగెత్తాడు. రోడ్డు దాటి అందరూ వరుసగా కూర్చున్నారు. అంతవరకు శిక్షణ అద్భుతంగా జరిగింది.

సరిగ్గా అప్పుడే ఊళ్లోంచి ఊరేగింపు వచ్చింది. ముందు మైకు కట్టిన ఆటో, వెనక జెండాలు, ఆ వెనక బియ్యం బస్తాలు, వంట గంజులు, కట్టెలు. ఆటోలో జేఏసీ కన్వీనర్ ముత్తయ్య ఉన్నాడు. బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన ఆయన్ని జనగామలో సగం మంది "సారు" అనే పిలుస్తారు. పని వదిలేసి పరుగున వచ్చి రోడ్డు పక్కన కూర్చున్న మిల్లు జనాన్ని చూసి ముత్తయ్య కళ్లు చెమర్చాయి.

"చూడుండ్రి! మిల్లు కార్మికులు మిషన్లు బంద్ చేసి మనతోని కలిసిండ్రు! జై తెలంగాణ!"

"జై తెలంగాణ!" అన్నారు పనివాళ్లు. సీటీ ఊదేదాకా లోపలికి పోవద్దన్నారు గానీ, జై కొట్టొద్దని ఎవరూ చెప్పలేదు. పైగా వాళ్లకూ తెలంగాణ కావాలి.

మధుకర్ చేతులూపుకుంటూ ఊరేగింపుకు అడ్డం వెళ్లాడు. "ఆగుండ్రి, గిది సమ్మె కాదు! నేను ఫైర్! ఫైర్!"

"ఖాకీ బట్టలన్న కూడ డ్యూటీ ఇడిచిపెట్టి వచ్చిండు!" అని అరిచాడొకడు.

"అన్న ఫైర్ మీదున్నడు!" అన్నాడింకొకడు.

మరుక్షణం మధుకర్ నలుగురి భుజాల మీద ఉన్నాడు. ఆయన ఎంత గట్టిగా ఫైర్ అంటే వీళ్లు అంత గట్టిగా జై అన్నారు. ఊరేగింపులో సగం మంది అక్కడే ఆగిపోగా, మిగతా సగం ఆయన్ని ఊళ్లోని దీక్షా శిబిరానికి మోసుకెళ్లింది. ప్రసూన కంగారుగా స్కూటీ తీసింది.

అప్పుడే గేటు బయటికొచ్చిన సోమేశ్వర్, "ఏంది బిడ్డా గిది?" అన్నాడు.

"నువ్వు జర ఆగు బాపూ. నేను పోయి సారును తోల్కొస్త!" అని ఆమె దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

సోమేశ్వర్ పనివాళ్ల ముందుకొచ్చి చప్పట్లు కొట్టాడు. "ఇగ సాలు. నడువుండ్రి లోపలికి. ప్రెస్సుల బేళ్లు అట్లనే ఉన్నయి."

ఎవరూ కదల్లేదు. కొందరు ఆకాశం వైపు చూశారు. సేటు వచ్చి పిలుస్తాడని మధుకర్ ముందే చెప్పాడు. చెప్పినట్టే వచ్చి పిలిచాడు. పరీక్షంటే ఇదే అనుకున్నారు.

"ఏమైంది? చెవులు వినవడ్తలేవా?"

"సారు చెప్పేదాక పోము సేటూ" అంది తారి.

"ఏ సారు?"

తారి ఊరేగింపు వెళ్లిన వైపు చెయ్యి చూపింది. ఆ చేతికి, ఆ వైపుకు మధ్య ముత్తయ్య సారు ఆటో ఉంది. మైకులోంచి కార్మిక సోదరులకు ఉద్యమాభివందనాలు వినిపిస్తున్నాయి. సోమేశ్వర్ లెక్క తేల్చుకున్నాడు. అంటే ఇది సమ్మె. ముందే అనుకుని చేసిన సమ్మె. కూతురు ఆ కంగారులోనే స్కూటీ తీసింది.

గేటు పక్కకు వెళ్లి నర్సయ్యకు ఫోను చేశాడు. ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంటూ జరిగింది చెప్పాడు.

"ఏం కావాల్నో అడిగి ఇచ్చెయ్" అన్నాడు నర్సయ్య భయంగా. "నీ దగ్గర చల్లారకుంటె రేపు నా దగ్గర లేస్తది. జల్ది ఇచ్చెయ్ సోమన్నా!"

సోమేశ్వర్ తిరిగొచ్చి, వీలైనంత మెత్తగా అడిగాడు. "చెప్పుండ్రి. మీకు ఏమేం కావాలె?"

పనివాళ్ల ముఖాలు వెలిగాయి. మధుకర్ సారు చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది.

"ఎనుక గేటుకు తాళం తీయాలె" అంది తారి.

"ఎందుకు?"

"పారిపోనీకి."

సోమేశ్వర్ జేబులో తాళంచెవులు తడుముకున్నాడు. "సరే, తీపిస్త. ఇంకా?"

"పత్తి కుప్పల కాడ బీడీలు తాగుతున్నరు. బీడీలోళ్లకు బయట జాగ చూపియ్యాలె" అన్నాడు రాంజీ.

"పైకప్పు కింద నీళ్ల ట్యాంకు పెట్టాలె. దూది ముక్కులకు పోకుండ గుడ్డలియ్యాలె. ఆడోళ్లకు బాత్‌రూం కట్టాలె" అంది తారి. బాత్‌రూం మంటల జాబితాలోకి రాదని ఆమెకూ తెలుసు. అడిగినప్పుడే చెప్పాలని చెప్పేసింది.

రక్తం పీలుస్తారనుకున్న సోమేశ్వర్‌కు ఇవి విని ప్రాణం లేచొచ్చింది. "అన్నీ చేపిస్త. ఒట్టు! ఇగ లెవ్వుండ్రి."

ఎవరూ లేవలేదు.

"ఒప్పుకున్న గదనే!"

"మంచిది సేటూ. సారు రాలె గద" అంది తారి.

పదకొండు దాటింది. లారీ డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. ఈలోగా జేఏసీ వాళ్లు కూడా ఆలోచన మార్చుకున్నారు. కార్మికులు ఇక్కడే కూర్చున్నప్పుడు వంట హైవే కూడలిలో ఎందుకు, ఇక్కడే వండుదామన్నారు. సరిగ్గా మిల్లు గేటుకు అడ్డంగా మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించారు. దాని మీదికి పెద్ద గంజు ఎక్కింది. లారీ డ్రైవరు హారన్ ఆపి, దిగొచ్చి, ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చున్నాడు.

సోమేశ్వర్ ఇక ఆగలేక ముత్తయ్య దగ్గరికి పోయి చేతులు జోడించాడు. "సారూ, నేను అన్నీ ఒప్పుకున్న. మీరొక్క మాట చెప్తే లోపలికి పోతరట."

"నేనెందుకు చెప్త సోమేశ్వర్? వాళ్లంతట వాళ్లే వచ్చిండ్రు. నువ్వు కూడ కూసో" అని ముత్తయ్య ఆప్యాయంగా గరిటె అతని చేతిలో పెట్టాడు.

గరిటెతో నిలబడి ఉండగానే జేబులో ఫోను మోగింది. ప్రసూన.

"బాపూ, సారును పోలీసులు పట్టుకపోయిండ్రు!"

సోమేశ్వర్ పక్కకు చూశాడు. ముత్తయ్య పప్పులో ఉప్పు సరిపోయిందా అని చూస్తున్నాడు.

"సారు ఈడనే ఉన్నడు గదే! పప్పు వండుతుండు."

"పప్పేంది? మధుకర్ సారు బాపూ! శిబిరంల దండలేసి కూసోబెట్టిండ్రు. డ్యూటీ ఇడిచిపెట్టిన పోలీసు ఎవడని ఎస్సై వచ్చి అడిగితే, నేను పోలీసును కాదన్నడు. మరి ఖాకీ ఎందుకేసినవని జీపెక్కిచ్చిండ్రు. సీటీ ఆయన మెడలనే ఉన్నది. అది ఊదేదాక మనోళ్లు లోపలికి పోరు. గట్లనే నేర్పిండు!"

సోమేశ్వర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. గరిటె చివర నుంచి పప్పు చుక్కలు అతని చెప్పు మీద పడుతున్నాయి. సమ్మె లేదు, కోరికలు లేవు. ఉన్నదల్లా తన ఖర్చుతో జరిగిన శిక్షణ. మొదట పట్టరాని సంతోషం కలిగింది, తర్వాత పట్టరాని కోపం వచ్చింది. అటూ ఇటూ చూసి, ఊరేగింపు వాలంటీరు జేబులోంచి సీటీ లాక్కుని, ఊపిరంతా బిగబట్టి పొడుగ్గా ఊదాడు.

వంట దగ్గరున్న జనం అన్నం పెడుతున్నారేమోనని ఆకులు పట్టుకుని బంతులు తీరి కూర్చున్నారు. పనివాళ్లు మాత్రం కదల్లేదు.

"ఊదిన గదనే! ఇంకేంది?"

"మీది కాదు సేటూ. ఎవలు ఊదినా పోవద్దన్నడు" అంది తారి.

"మిల్లు నాది! నేను చెప్తున్న, ఏం కాలేదు, లోపల నిప్పు లేదు!"

తారి లేచి నిలబడింది. అప్పటిదాకా ఉన్న నవ్వు ఆమె ముఖంలో లేదు. "పోయినేడు మా ఆడిబిడ్డ పనిచేసే కాడ గిట్లనే చెప్పిండ్రు సేటూ. మంట ఆరిపోయింది, లోపలికి పోండ్రి అన్నరు. సద్దిగిన్నె తెచ్చుకుందమని పోయింది. రెండు చేతులు కాలినయి. ఇప్పుడు జడ కూడ నేనే వేస్త. గింత కచ్చితంగ మాకు ఎవ్వరు నేర్పలే. నేర్పినంక తప్పమంటె ఎట్ల?"

సోమేశ్వర్ సీటీ జేబులో వేసుకున్నాడు. అది తనది కాదని గుర్తొచ్చి వాలంటీరుకు ఇచ్చేశాడు. ఆ తర్వాత కాసేపు గేటు ముందు అటూ ఇటూ తిరిగాడు గానీ, ఎవర్నీ పిలవలేదు.

పన్నెండు దాటాక పోలీసు జీపు వచ్చింది. ముందు ఎస్సై, వెనక మధుకర్, ఆ వెనక స్కూటీ మీద ప్రసూన. మధుకర్ చెప్పింది నిజమో కాదో మిల్లు దగ్గరే తేల్చుకుందామని ఎస్సై బయల్దేరాడు. రోడ్డు మధ్యలో గంజులుండటంతో జీపు దూరంగానే ఆగిపోయింది. "ఖాకీ అన్నను ఇడిచిపెట్టిండ్రు!" అని జనం చుట్టుముట్టారు. మధుకర్ జీపు బానెట్ మీదికెక్కి, మెడలోని బంతిపూల దండల కింద వెతికి వెతికి సీటీ బయటికి తీసి ఊదాడు. పొడుగ్గా ఊదాడు.

పనివాళ్లు లేచారు. వరుస తప్పకుండా రోడ్డు దాటి, పొయ్యి చుట్టూ తిరిగి, గేటులోంచి లోపలికి నడిచారు. ఎస్సై టోపీ సర్దుకున్నాడు.

"ఇన్నేండ్లు పంతులుగ చేసిన. నా బడి పిల్లలు ఒక్కనాడన్న గిట్ల నడువలే" అన్నాడు ముత్తయ్య.

లోపల ప్రెస్సు మొదలైంది. ఒక బేలు కిందికి దిగింది. స్టేషన్లో సంతకం పెట్టాలని ఎస్సై మధుకర్‌ను మళ్లీ జీపెక్కించుకుని వెళ్లాడు. రోడ్డు కాస్త తెరవమని, లారీ ఒక్కటి పోనివ్వమని ముత్తయ్యను అడగడానికి సోమేశ్వర్ నోరు తెరిచాడు. అప్పుడు ఒంటిగంట అయింది. వాచ్‌మన్, తన సర్వీసులో రోజూ చేసినట్టే, భోజనాల గంట కొట్టాడు.

మిల్లులో ఉన్నది ఒకటే గంట.

పనివాళ్లు చేతుల్లో ఉన్నవి వదిలేసి, టిఫిన్ డబ్బాలు ముట్టకుండా, బయటికి ఉరికొచ్చి రోడ్డవతల వరుసగా కూర్చున్నారు.

ఈసారి సోమేశ్వర్ మెల్లగా నడిచి వెళ్లి, వరుస చివర తారి పక్కన ఖాళీగా ఉన్న చోట కూలబడ్డాడు. ఎవరో అతని ముందు విస్తరి వేశారు. ఎవరో అన్నం పెట్టారు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. రెండోసారి పప్పు పోయించుకుంటుండగా పేపరాయన ఫొటో తీశాడు.

మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫొటో పడింది. కార్మికులతో కలిసి రోడ్డెక్కిన మిల్లు యజమాని అని పైన, సేటు చేయిస్తానన్న పనులన్నీ, రాంజీ పేపరాయనకు చెప్పినవి చెప్పినట్టు, కింద. ముందురోజు ఎలాగోలా జనగామ దాటిన లారీలు దారిలో ఇరుక్కుపోయి ఇంకా కదల్లేదు. సోమేశ్వర్ లారీ మిల్లులోనే నీడపట్టున ఉంది. టీవీలో రోడ్ల సంగతి చూసిన షోలాపూర్ వాళ్లు, దారి తెరిచాకే పంపమని ఫోను చేశారు. దాంతో సోమేశ్వర్‌కు కొంచెం ధైర్యమొచ్చింది.

"బిడ్డా, అది సమ్మె కాదు గద. సమ్మె అనుకోని ఒప్పుకున్నది చెల్లుతదా?"

"పేపర్ల పడ్డది బాపూ. ముత్తయ్య సారు కూడ విన్నడు" అంది ప్రసూన.

వెనక గేటు తాళం తీయబోతే రాలేదు, తుప్పు పట్టిపోయింది. రంపంతో కోయాల్సి వచ్చింది. అది తెగడానికి పట్టిన సమయమంతా సోమేశ్వర్ అక్కడే నిలబడ్డాడు. నిజంగా మంట లేచి ఉంటే అన్న మాట పైకి అనలేదు గానీ, ఆ సాయంత్రమే ఆఫీసులో తన కుర్చీకి ఎదురుగా ఒక బల్ల వేయించి, "కూసో" అన్నాడు కూతురితో.

ఆ వారం చివర్లో ఒక పొద్దున మిల్లుకొచ్చేసరికి గేటు ముందు పెద్ద గుంపు ఉంది. సోమేశ్వర్ ఆ గుంపులో తారిని వెతికి పట్టుకున్నాడు. "మళ్లా ఏందే తారీ? గంట ఎవలు కొట్టిండ్రు?"

"ఎవ్వరు కొట్టలే సేటూ. గీళ్లు నర్సయ్య సేటు పనోళ్లు. మన కాడ పని నేర్పుతరట, నీళ్లుంటయట, ఎనుక గేటు తెరిచుంటదట అని తెలిసి, పని అడగొచ్చిండ్రు."

ప్రతి సీజనులో మనుషుల కోసం తండా తండా తిరిగే రాంజీ, ఆ రోజు గేటు దగ్గర నిలబడి జాగా లేదని జనాన్ని వెనక్కి పంపుతున్నాడు. అలా చెప్పడం అతనికి అలవాటు లేక ప్రతి ఒక్కరికీ క్షమాపణ చెబుతున్నాడు.

సాయంత్రం నర్సయ్య కొట్లాటకు వచ్చాడు. టీ తాగేసరికి సగం చల్లబడ్డాడు. రెండో టీకి మధుకర్ ఫోను నంబరు అడిగాడు. నంబరు రాసుకున్నాక గొంతు తగ్గించి, "నిజం చెప్పు సోమన్నా. గీ ట్రైనింగు ఇప్పిస్తే పనోళ్లు చెప్పిన మాట వింటరా?" అన్నాడు.

సోమేశ్వర్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"వింటరే. గదే పరేషాన్."